చెయ్యి పెట్టి చూడు

ఒడీలియా అవీలా
పడవ పొట్ట కింద చెయ్యి పెడుతుంది,
చూడి ఆవును తడిమినట్టు,
కళ్లు ఎటో పెట్టుకుని.

సియెర్రా పర్వతాలు ఇక్కడ ఇంకా పర్వతాలు కావు,
ఒట్టి మోకాళ్లు.
ఎండిన గడ్డి, బూడిదరంగు పైన్ చెట్లు,
ఆగస్టుకల్లా సగానికి దిగిన సరస్సు.
ఒడ్డు చుట్టూ నీళ్లు వెనక్కి తగ్గిన చారలు,
పాలు కాచిన గిన్నెలో మిగిలిన గీతల్లా.

నేను ఈ ఒక్క వేసవికి కుదిరిన వాణ్ణి.
ట్రైలర్ల నంబర్లు రాసుకోవడం,
పడవ అడుగున నిలిచిన నీళ్లు స్పాంజితో తీయడం,
తిట్లు తినడం నా పని.

"కంటికి ఆనవు," అంది మొదటిరోజే,
"ఆల్చిప్ప పిల్లలు, ఇసుక రేణువంతే ఉంటాయి.
చూపుకి దొరకనివి వేళ్లకి దొరుకుతాయి.
నున్నగా ఉండాల్సిన చోట
గరుకు కాగితం తగిలిందంటే
ఇంకో సరస్సు చావు మన గుమ్మంలోకి వచ్చినట్టే."

శుక్రవారం సాయంత్రం, వరసలో పదకొండు బళ్లు.
నీలం పడవ ముందుకొచ్చింది.
దక్షిణాన ఏదో జలాశయంలో వారం తిరిగి
తిన్నగా ఇటే వచ్చిందట.
కడిగానన్నాడు వార్తాన్. మెరుస్తోంది కూడా.
ట్రక్కు తలుపు మీద అతని టైల్స్ పని బోర్డు.
వెనక సీట్లో కూతురు నైరీ,
లైఫ్ జాకెట్ ఇంటి దగ్గరే తొడుక్కుని బయల్దేరింది పాపం.

మోటారు వెనక ఒడీలియా చెయ్యి ఆగింది.
ముందుకెళ్లి, తిరిగొచ్చి,
మళ్లీ అక్కడే ఆగింది.
"ముప్ఫై రోజులు ఎండాలి,"
చేపల ధర చెప్పినంత మామూలుగా.

ఆ తర్వాత అతనన్నవి నేను రాయను.
సెలవు, పెట్రోలు, పిల్లకిచ్చిన మాట,
కనబడని పురుగుకి ఇంత శిక్షా అని ఒకటి.
ఒడీలియా జవాబివ్వలేదు.
పాపను దింపి, ఆ చిన్న అరచేతిని
పడవ కింద ఆనించింది.
"ఏం తగిలింది?"
"నాన్న గడ్డం."

వరసలో ఎవరో నవ్వారు.
వార్తాన్ నవ్వలేదు.
వంగి, తనూ చెయ్యి పెట్టాడు.
ఇరవయ్యేళ్లు పలకల మీద అరచెయ్యి తిప్పిన మనిషి,
నున్నన ఏదో, కానిదేదో
అతనికి ఒకరు చెప్పాలా?
ఎర్ర తీగతో పడవను ట్రైలర్‌కి కట్టి సీలు వేస్తుంటే
కొస పట్టుకుని నిలబడ్డాడు.

వెళ్లిపోలేదు వాళ్లు.
పద్నాలుగో నంబరు చోట గుడారం వేశారు.
మర్నాడు అద్దె తెడ్డు పడవలో తిప్పుతూ
తుంగ దగ్గర తెడ్లు ఎత్తేయమన్నాను.
అక్కడ మునుగుడు పిట్టల గూళ్లు.
ఏ కొమ్మకీ కట్టినవి కావు, నీటి మీదే తేలేవి.
నిరుడు ఒక స్పీడు పడవ ఒక్కసారి అలా వెళ్లింది.
మధ్యాహ్నానికి ఒడీలియా
నీళ్లలోంచి గుడ్లు ఏరుతూ లెక్కపెట్టింది.
ఎన్నో చెప్పదు.
నైరీ ఊపిరి కూడా బిగబట్టింది,
ఊపిరికీ అలలు లేస్తాయేమోనని.
తల్లి పిట్ట వీపు మీద, రెక్కల సందున,
ఒక బూడిదరంగు తల మమ్మల్ని చూసి మళ్లీ దాక్కుంది.

ఆదివారం పొద్దున
ఒడీలియా పొయ్యి పొయ్యికీ మోకాళ్ల మీద కూర్చుంటుంది.
బకెట్ నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి,
అప్పుడు బూడిదలో చెయ్యి పెడుతుంది.
చెయ్యి ఉంచలేని బూడిదని వదిలి ఎవరూ కదలకూడదు.

ఎప్పుడూ కుడిచెయ్యే.
ఎడమచేతి మూడు వేళ్లకి తోలు నున్నగా మెరుస్తుంది,
వాటికి వేడీ తెలియదు, గరుకూ తెలియదు.
ఎదురు గట్టు పంతొమ్మిదేళ్లుగా నల్లగా ఉంది.
ఈ రెంటి గురించీ నేనడగలేదు.

పద్నాలుగో పొయ్యిలో నైరీ
మోచేతి దాకా చెయ్యి దింపింది.
"చల్లగానే ఉంది," అరిచింది,
"అడుగున కూడా!"

వాళ్ల బండి మలుపు తిరిగేటప్పుడు చూశాను:
తడవని పడవ నీలం మీద
ఐదు వేళ్ల బూడిద.

నేను నంబరు పుస్తకం తెరిచాను.
తర్వాతి బండి హారన్ కొడుతోంది.